సిజేరియన్ తరువాత సహజ ప్రసవం – మూడవ పాఠం: పొట్ట మీది గీత, గర్భసంచి మీది కోత

మొదటి కాన్పులో మీ గర్భసంచికి ఏ రకం కోత పెట్టారో కనుక్కుని రాయమని గత పాఠంలో అడిగాను. వచ్చిన జవాబుల్లో చాలావరకు "నాది అడ్డకోతే, కనుక భయం లేదు" అన్నవే. అవి అద్దంలో చూసుకుని రాసిన జవాబులు. అందువల్ల, నొప్పులు మొదలయ్యాక ఏమి చేయాలన్న పాఠాన్ని పక్కన పెట్టి, మళ్ళీ కోత దగ్గరికే రావలసి వచ్చింది.

చర్మం మీది గీతను బట్టి లోపలి కోతను చెప్పలేము. బయట అడ్డంగా కోసినా లోపల నిలువుగా కోసి ఉండవచ్చు. బయట నిలువు గీత ఉన్నా లోపల కింది భాగంలో అడ్డంగానే కోసి ఉండవచ్చు. నెలలు బాగా తక్కువగా ఉన్న బిడ్డను తీయవలసి వస్తే, అప్పటికి గర్భసంచి కింది భాగం తగినంత సాగి ఉండదు కనుక, పై భాగంలో నిలువుగా కోయక తప్పకపోవచ్చు. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు కూడా ఒక్కొక్కసారి అంతే. అడ్డంగా పెట్టిన కోత సైతం, బిడ్డ తల కిందికి దిగి ఇరుక్కుని ఉంటే, తీసేటప్పుడు పక్కకో కిందికో చీలవచ్చు. వీటిలో ఏదీ అద్దంలో కనిపించదు.

కింది భాగంలో ఒకే అడ్డకోత ఉన్నవారికి నొప్పుల సమయంలో ఆ కుట్టు విడిపోయే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. పై భాగంలో నిలువుకోత ఉన్నవారికి అది నూటికి 4 నుంచి 9 వరకు ఉంటుందని అంచనా. వారికి సహజ ప్రసవ ప్రయత్నాన్ని సిఫారసు చేయరు.

డిశ్చార్జి కాగితంలో 'ఎల్‌ఎస్‌సీఎస్' అని ఉందని కొందరు రాశారు. అది కింది భాగపు కోతకు గుర్తు, మంచిదే; కానీ కోత చీలిందా, పొడిగించారా అన్నది ఉండేది ఆపరేషన్ నోట్స్‌లో. ఒకరు స్కానింగులో వచ్చిన కుట్టు మందం పంపారు. ఇంత మందముంటే చాలునన్న హద్దు ఏదీ ఇంకా స్థిరపడలేదు కనుక, నేను ఆ అంకె కన్నా పాత కాగితాన్నే నమ్ముతాను.

నడక, ఆహారం సంగతి మీ ఆసుపత్రిలో చెబుతూనే ఉంటారు, ఇక్కడ వదిలేస్తున్నాను.

అభ్యాసం: మన వైపు మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం, రెండవదానికి అత్తవారి ఊళ్ళో చూపించుకోవడం మామూలు కనుక, కాగితాలు ఒక ఊళ్ళో, డాక్టరు మరో ఊళ్ళో ఉంటారు. ఇన్‌పేషెంటు రికార్డులను 3 సంవత్సరాలు భద్రపరచాలనీ, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలనీ భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. గడువు దాటితే దొరుకుతాయన్న నమ్మకం లేదు కనుక ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. నోట్స్ అందాక కోత రకం, సిజేరియన్ ఎందుకు చేశారు, అప్పటికి ఎన్ని వారాలు నిండాయి అన్న మూడింటినీ మీ చేతిరాతతో ఒక పుటలో రాసి, ఇప్పుడు చూస్తున్న డాక్టరుకు చూపించి, తప్పులు దిద్దించుకోండి. కాగితాలు దొరకనంత మాత్రాన ప్రయత్నమే కుదరదని కాదు. చివరి రెండు వివరాలను బట్టి కోత ఏ రకమై ఉండవచ్చో వారు అంచనా వేస్తారు. దిద్దించిన పుట చేతికి వచ్చాకే నాలుగవ పాఠం తెరవండి.