దమ్ముంది గానీ కాళ్లు లేవట్లేదు: 1600 మీటర్ల పరుగులో సమస్య - పరిష్కారం

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ప్రాక్టీస్ చేసే పిల్లలు గ్రౌండ్‌లో నన్ను అడిగేది ఎప్పుడూ ఇదే: "అన్నా, మూడో రౌండ్‌కి కాళ్లు పట్టేస్తున్నయ్." షూస్, వార్మప్ సంగతి మీకు తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను.

రెండో రౌండ్‌లోనే తొడలు మండి, ఆయాసం ముంచుకొస్తుందా?

ముందు మొదటి రౌండ్ టైమ్ చెప్పండి. ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఎవరూ చూసుకోరు. కండరంలో రెడీగా ఉండే ఏటీపీ, అంటే కండరం నేరుగా వాడుకునే ఇంధనం, రెండు మూడు సెకన్లకే సరి. ఏటీపీని వెంటనే మళ్లీ నింపే క్రియాటిన్ ఫాస్ఫేట్ ఇంకో పది సెకన్ల దాకా లాగుతుంది. ఆక్సిజన్‌తో నడిచే అసలు ఇంజన్ జోరందుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు కావాలి. విజిల్ వినగానే గుంపుతో పాటు ఉరికితే, ఆ లోటంతా ఆక్సిజన్ లేకుండా గ్లూకోజ్‌ను విరగ్గొట్టి పూడ్చుకోవాలి. దాంతో కండరంలో ఆమ్లత పెరుగుతుంది, ఆ మంట అదే. 7 నిమిషాల 12 సెకన్లలో ముగించాలంటే 400 మీటర్ల రౌండ్‌కి 1 నిమిషం 48 సెకన్లు. మొదటి రౌండ్ 1:25లో కొట్టి, మూడో రౌండ్‌లో నన్ను కారణం అడగొద్దు.

టైమింగ్ సరిగ్గానే ఉంది, ఊపిరీ ఆడుతోంది, కాళ్లే కదలట్లేదా?

నన్ను ముంచింది ఇదే. బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేసి, పొద్దున సాయంత్రం రెండు పూటలా ఉరికాను. నాలుగు రోజుల్లో రెండు కిలోలు తగ్గితే సంబరపడ్డాను. టైమ్ మాత్రం రోజురోజుకీ పెరిగింది. బలం చాలట్లేదనుకుని ప్రాక్టీస్ ఇంకా పెంచాను!

తగ్గింది కొవ్వు కాదు, చాలావరకు గ్లైకోజెన్ (తిన్న అన్నంలోని గ్లూకోజ్‌ను కండరం దాచుకునే నిల్వ), నీళ్లు. ఒక గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. మెల్లగా జాగింగ్ చేస్తే కొవ్వుతో బండి నడిచిపోతుంది కాబట్టి అప్పుడు ఏమీ తెలియదు. స్పీడ్ పెంచగానే దొరికిపోతాం, కొవ్వు అంత వేగంగా శక్తినివ్వలేదు. అందుకే ఇది కనిపెట్టడం కష్టం.

"పొద్దున అరటిపండు తిన్నా కదన్నా" అంటారు. పరుగుకు అరగంట ముందు తిన్న పండు, రోజుల తరబడి ఖాళీ అయిన తొడ కండరాన్ని నింపదు. పైగా ఏ కండరం నిల్వ ఆ కండరానిదే, చేతుల్లో ఉన్నా కాళ్లకు అప్పివ్వదు. నిండడానికి కడుపునిండా అన్నం తిన్నా ఒక రోజు పైనే పడుతుంది.

రాత్రి అన్నం మళ్లీ మొదలుపెట్టండి. ప్రాక్టీస్ అయిన గంటలోపు ఇడ్లీయో, అన్నమో, రెండు అరటిపండ్లో తినండి. గట్టిగా ఉరికిన మర్నాడు తేలిగ్గా చేయండి. ట్రయల్‌కి ముందు రెండు రోజులు కాళ్లకు పని తగ్గించండి. కిలో పెరిగితే టెన్షన్ పడకండి, అది పెట్రోలు.

మర్నాడు నొప్పులా?

గట్టిగా ఉరికినప్పుడు కండరంలో తయారయ్యే లాక్టిక్ ఆసిడ్ మీద నింద వేయకండి, అది గంటా గంటన్నరలో వెళ్లిపోతుంది. కొత్త శ్రమకు కండరం లోపల దెబ్బతిన్న నొప్పి అది, కొద్ది రోజుల్లో పోతుంది.

ఇవేవీ కాకపోతే?

అమ్మాయిలైతే హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించుకోండి, 12 లోపు ఉంటే ముందు దాని సంగతి చూడాలి. కండరం శక్తి తయారుచేసుకోవడానికి కావాల్సిన ఎంజైమ్ లోపాల్లాంటివి చాలా అరుదు, గూగుల్ చేసి భయపడకండి. పరుగు తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.