హ్యాష్‌మ్యాప్‌ని మీ క్రేట్‌లోంచి రీఎక్స్‌పోర్ట్ చెయ్యాలా?

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లైబ్రరీ రాసేవాళ్లకి ఒక సరదా ఉంటుంది, నాకూ ఉండేది. వాడేవాళ్లకి సుఖంగా ఉంటుందని హ్యాష్‌మ్యాప్ (కీకి విలువని జతచేసి దాచే పట్టిక), డ్యూరేషన్ (కాలవ్యవధి) లాంటి స్టాండర్డ్ లైబ్రరీ టైపుల్ని పబ్ యూజ్ పెట్టి మన క్రేట్‌లోంచే (రస్ట్‌లో ప్యాకేజీని అలా అంటారు) ఇచ్చెయ్యడం, అంటే రీఎక్స్‌పోర్ట్ చెయ్యడం. మానెయ్యండి. స్టాండర్డ్ లైబ్రరీ ఎలాగూ అందరి దగ్గరా ఉంది, పైగా రీఎక్స్‌పోర్ట్ చేసినంత మాత్రాన అది కొత్త టైపు అయిపోదు, ఉన్న ఇంటికి ఇంకో గుమ్మం పెట్టినట్టు అంతే. టైప్ అలియాస్, అంటే ఉన్న టైపుకే ఇంకో పేరు పెట్టడం, కూడా ఇంతే.

ఇది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ వ్యాపారి కోసం రోజువారీ రేట్లు చదివే చిన్న క్రేట్ రాశాను. మిర్చి రకం, క్వింటా ధర, అంతకుమించి ఏమీ లేదు. హ్యాష్‌మ్యాప్‌కి రేట్ల పట్టిక అని అలియాస్ పెట్టి బయటికి ఇచ్చాను. ఒకరోజు ఆయన ఫోను: "ఏంటయ్యా, నిన్న తేజ పైనుంది, ఇవాళ అడుక్కి పోయింది, రేటు పడిపోయిందేమోనని టెన్షన్ వచ్చేసింది." హ్యాష్‌మ్యాప్‌లో వరస నడిపిన ప్రతిసారీ మారుతుంది, నేను దాన్ని అలాగే ప్రింట్ చేశాను మరి. అలియాస్ ఉందిగా, ఆ ఒక్క లైన్లో కీలని ఎప్పుడూ వరసలో ఉంచే బీట్రీమ్యాప్ అని మారిస్తే చాలనుకున్నాను. మారిస్తే నా క్రేట్ వాడుతున్న విజయవాడ కుర్రాడి కోడ్ నిండా ఎర్రర్లు! ఒకచోట ముందే చోటు కేటాయించే విత్ కెపాసిటీ పిలిచాడు, బీట్రీమ్యాప్‌కి అది లేనేలేదు. ఇంకోచోట నేరుగా స్టాండర్డ్ లైబ్రరీ హ్యాష్‌మ్యాప్‌నే తెచ్చి నా ఫంక్షన్‌కి ఇచ్చాడు. అతని తప్పేం లేదు, నేను పేరు మార్చానే గానీ ఏదీ దాచలేదు.

నిజంగా దాచాలంటే న్యూటైప్ రాయండి, అంటే లోపలి టైపుని కప్పే కొత్త టైపు. ఒక స్ట్రక్ట్, లోపల ఒకే ఫీల్డు, దానికి పబ్ వద్దు, బయటికి కనపడకూడదు. రేటు చేర్చడానికో మెథడ్, అడగడానికో మెథడ్, అన్నీ వరసగా చూడ్డానికి లోపలి టైపు పేరు బయటపెట్టకుండా ఇంప్ల్ ఇటరేటర్ తిరిగిచ్చే మెథడ్ ఇంకోటి. హ్యాష్‌మ్యాప్ చేతిలో పట్టుకుని వచ్చేవాళ్ల కోసం దాన్ని మన టైపుగా మార్చే ఫ్రమ్ ట్రెయిట్ (ట్రెయిట్ అంటే టైపులు అమలుచేసే మెథడ్ల ఒప్పందం) రాస్తే సరి. కాస్త ఎక్కువ టైపింగే, ఒప్పుకుంటాను.

రీఎక్స్‌పోర్ట్ పనికొచ్చే చోట్లు లేకపోలేదు. మాక్రో (వాడినచోట కోడ్‌గా విచ్చుకునేది) రాస్తుంటే, వాడేవాళ్లు ఆప్షన్ అనే పేరుతో సొంత టైపు పెట్టుకుని ఉండొచ్చు, లేదా వాళ్లది స్టాండర్డ్ లైబ్రరీ లేని నో-ఎస్‌టీడీ క్రేట్ కావచ్చు. అందుకని డాక్ హిడెన్ పెట్టిన (డాక్యుమెంటేషన్‌లో కనపడని) ఒక మాడ్యూల్లో, నో-ఎస్‌టీడీలోనూ దొరికే కోర్ లైబ్రరీ టైపుల్ని రీఎక్స్‌పోర్ట్ చేసి, మాక్రోలో డాలర్ క్రేట్ (మాక్రో రాసిన క్రేట్‌నే చూపించే గుర్తు) దారిన పిలవండి. ఇంకో సందర్భం, మీ ట్రెయిటే స్టాండర్డ్ లైబ్రరీలోకి వెళ్లిపోవడం. తర్వాత వచ్చే ఫలితాన్ని సూచించే ఫ్యూచర్ ట్రెయిట్ 2019 జూలైలో రస్ట్ 1.36తో అందులో స్థిరపడింది, అయినా ఫ్యూచర్స్ క్రేట్ దాన్ని తన దారిలోంచి కూడా ఇస్తూనే ఉంది.

అసలు రీఎక్స్‌పోర్ట్ చెయ్యాల్సింది బయటి క్రేట్ల టైపుల్ని. మీ ఫంక్షన్ క్రోనో (తేదీలు, సమయాల క్రేట్) తేదీ అడుగుతుంటే క్రోనోని మొత్తంగా పబ్ యూజ్ చెయ్యండి. లేకపోతే అవతలివాళ్లు పొసగని వెర్షన్ తెచ్చుకున్నప్పుడు కంపైలర్ "ఈ టైపు కావాలి, నువ్విచ్చింది ఈ టైపు" అని రెండు చోట్లా ఒకే పేరు చూపిస్తుంది. అర్థమయ్యేలోపు ఒక పూట గడిచిపోతుంది.

అన్నట్టు, ఫలితమో ఎర్రరో చెప్పే రిజల్ట్‌కి ఒకే టైపు అడిగే సొంత అలియాస్ ఉంటే దాన్ని ప్రిల్యూడ్‌లో (వాడేవాళ్లు ఒకేసారి తెచ్చుకునే పేర్ల మాడ్యూల్) పెట్టకండి. స్టార్ పెట్టి ఇంపోర్ట్ చేసుకున్నవాళ్లకి మామూలు రిజల్ట్ మరుగున పడిపోయి, రెండు టైపులు ఇచ్చిన ప్రతిచోటా ఎర్రర్ వస్తుంది.

ఇప్పటికే అలియాస్ బయటికి ఇచ్చేసుంటే వెంటనే పీకెయ్యకండి, డిప్రికేటెడ్ అని పెట్టి ఒక విడుదల ఆగండి. నేను అలాగే చేసి, 0.4లో తీసేశాను. 0.3 అని రాసుకున్నవాళ్లకి రస్ట్ ప్యాకేజీ మేనేజర్ కార్గో దానంతటది 0.4ని లాగదు కాబట్టి విజయవాడ కుర్రాడు తీరిగ్గా మార్చుకున్నాడు.