కేక్ డెకరేషన్‌లో చెయ్యి తిరగాలంటే

కొత్తగా కేకులు చేసేవాళ్లలో చాలామందికి స్పాంజ్ బాగానే వస్తుంది, క్రీమ్ పట్టించే దగ్గరే ఆగిపోతారు. పక్కలు గతుకుల రోడ్డులా ఉంటాయి, తెల్ల క్రీమ్‌లోకి చాక్లెట్ కేక్ పొడి లేచొస్తుంది, పువ్వు వేస్తే జారిపోతుంది. ఇక "నాకు ఆర్ట్ రాదు" అనేసుకుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఇందులో సగం పని క్రీమ్ సరిగ్గా కుదరడం, మిగతా సగం చేతి అలవాటు.

ముందు క్రీమ్ సంగతి. మన దగ్గర ఎక్కువమంది వాడేది గడ్డకట్టించి అమ్మే నాన్ డైరీ విప్పింగ్ క్రీమ్, అంటే పాల మీగడతో కాకుండా వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసింది. దాన్ని ముందు రోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. బయట పెట్టి తొందరగా కరిగిస్తే వేడెక్కిపోయి సరిగ్గా పొంగదు. అక్కడక్కడా చిన్న ఐస్ పలుకులు తగులుతున్నప్పుడు బీట్ చేయడం మంచిది. గిన్నె, బీటర్ బ్లేడ్లు కూడా 15 నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచండి, మే నెల ఎండల్లో అయితే పెద్ద బేసిన్‌లో ఐస్ ముక్కలు పోసి గిన్నెను అందులోనే పెట్టి బీట్ చేయండి. అరకిలో కేకుకి 200 నుంచి 250 ఎం.ఎల్. క్రీమ్ పోస్తే సరిపోతుంది, అది రెండు మూడు రెట్లు పొంగుతుంది.

ఎక్కడ ఆపాలన్నదే అసలు కిటుకు. బీటర్ పైకి లేపితే క్రీమ్ కొన పక్షి ముక్కులా వంగిందంటే పక్కలకు పట్టించడానికి సిద్ధం. కొన నిటారుగా నిలబడితే పువ్వులకు. అందరూ గట్టిగా ఉంటేనే మంచిదనుకుని ఇంకా ఇంకా బీట్ చేస్తారు, అప్పుడు గాలి బుడగలు పట్టి ఎంత నున్నగా చేసినా చిల్లులు చిల్లులుగానే ఉంటుంది. నేను మొదట్లో చాలా కేకులు ఇలాగే పాడుచేసి, తప్పు నా చేతిదనుకుని బాధపడ్డాను. అలా అయితే బీట్ చేయని క్రీమ్ రెండు స్పూన్లు పోసి గరిటెతో మెల్లగా కలపండి, చాలావరకు దారికొస్తుంది.

స్పాంజ్ పూర్తిగా చల్లారాలి, రాత్రంతా చుట్టి ఫ్రిజ్‌లో ఉంటే ఇంకా మంచిది. ముందు పల్చగా ఒక పూత వేసి పొడి అంతా అందులో అతుక్కోనిచ్చి, 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, ఆ తర్వాత అసలు పూత వేయండి. దీన్నే క్రంబ్ కోట్ అంటారు, టైమ్ లేదని ఇది మానేయకండి. అసలు పూతకి క్రీమ్ కాస్త ఎక్కువే పెట్టుకోండి, తీసేయడం తేలిక, తక్కువైన చోట అతకడం కష్టం. స్క్రేపర్ (క్రీమ్‌ని నున్నగా గీకే పలక) పట్టిన చెయ్యి కదలకూడదు, రెండో చేత్తో టర్న్‌టేబుల్ (కేక్ పెట్టి తిప్పే పీట) తిప్పాలి. కొత్తవాళ్లు రెండు చేతులూ కదిలిస్తారు, గీతలు పడేది అక్కడే.

దీనికోసం ప్రతిసారీ కేక్ చేయక్కర్లేదు. వంటింట్లో 6 అంగుళాల వెడల్పున్న స్టీల్ డబ్బా ఉంటుంది కదా, దాన్ని బోర్లించి దానికే క్రీమ్ పట్టించండి, నున్నగా చేయండి, గీకేసి మళ్లీ పట్టించండి. ఒక్క గిన్నె క్రీమ్‌తో అరగంటలో ఐదారు కేకుల ప్రాక్టీస్ అయిపోతుంది.

పైపింగ్‌కి, అంటే బ్యాగ్‌లోంచి క్రీమ్ నొక్కి పువ్వులు వేయడానికి వస్తే, గోరింటాకు కోన్ పట్టిన చేతులకు ఇది కొత్తేం కాదు. బ్యాగ్ సగానికి మించి నింపకండి, పైన మెలిపెట్టి బొటనవేలి సందులో బిగించి అక్కడి నుంచే నొక్కండి, రెండో చెయ్యి దారి చూపించడానికే. నొక్కడం ఆపాకే నాజిల్ (బ్యాగ్ కొనకు తొడిగే గొట్టం) పైకి లేపాలి, లేకపోతే ప్రతి పువ్వుకీ తోక వస్తుంది. 48 నాజిళ్ల సెట్లు కొనకండి. 1ఎం స్టార్ (నక్షత్రంలాంటి మూతి ఉన్న పెద్ద నాజిల్), ఒక చిన్న గుండ్రటిది, ఒక ఆకు నాజిల్ ఉంటే మొదటి ఆరు నెలలూ గడిచిపోతాయి. 1ఎంతో మధ్యలో మొదలుపెట్టి బయటికి తిప్పితే గులాబీ, బయట మొదలుపెట్టి లోపలికి తిప్పుతూ పైకి తీసుకెళితే కప్‌కేక్ మీద వేసే సుడి. ముందు మాత్రం పళ్లెం మీద చుక్కల ముగ్గుకి పెట్టినట్టు వరసగా చుక్కలు పెట్టండి, అన్నీ ఒకే సైజులో వచ్చేదాకా.

రంగులకి జెల్ కలర్ వాడండి, నీళ్లలాంటి రంగులు క్రీమ్‌ని పల్చన చేస్తాయి. కలిపాక అరగంట ఆగితే రంగు తనే ముదురుతుంది. ముదురు ఎరుపు కోసం ఎక్కువ పోస్తే చేదొస్తుంది.

పేరు తెలుగులో రాయమని అడిగేవాళ్లుంటారు, దయచేసి కాదనకండి. మన గుండ్రటి అక్షరాలు కోన్‌కి చక్కగా లొంగుతాయి. చిక్కంతా చోటుతోనే. శ్రావ్య అని రాయాలంటే కింద క్రారవడి, యవత్తు రెండూ పట్టాలి, కాబట్టి వరస కింద ఖాళీ ముందే వదలండి. 6 అంగుళాల కేక్ మీద "పుట్టినరోజు శుభాకాంక్షలు" ఒకే వరసలో పట్టదు, రెండు వరసలు చేయండి. ముందు పెన్సిల్‌తో కాగితం మీద రాసి, పైన బటర్ పేపర్ పరిచి, కరిగించిన చాక్లెట్‌తో దిద్దండి. చెయ్యి కుదిరాక కేక్ మీద టూత్‌పిక్‌తో సన్నగా గీసుకుని దాని మీదే రాయండి.

ఒక నెలపాటు డిజైన్ మార్చకండి. అదే అరకిలో వెనీలా, అదే తెల్ల క్రీమ్, పైన అవే ఎనిమిది గులాబీలు. ప్రతిసారీ కిటికీ పక్కన పెట్టి, పైనుంచి కాకుండా పక్కనుంచి ఫొటో తీయండి. అంచు ఎక్కడ వంగిందో, క్రీమ్ ఎక్కడ పల్చబడిందో అందులో తెలిసిపోతుంది, తర్వాతి కేక్‌లో ఆ ఒక్కటే సరిచేసుకోండి.