పుష్కర్‌కు ఒక్కరోజు ప్రయాణం: బయలుదేరే ముందు జాగ్రత్తలు

జైపూర్‌లో దిగి, పొద్దున్నే కారు మాట్లాడుకుని, రాజస్థాన్‌లో సరస్సు, బ్రహ్మ గుడి ఉన్న పుణ్యక్షేత్రం పుష్కర్ చూసి రాత్రికి తిరిగి రావాలనుకునే విజయవాడ వాళ్ల కోసం ఇది. దూరం దాదాపు 150 కిలోమీటర్లు.

నీళ్లు: "మన ఎండల ముందు ఇదెంత" అనుకోవద్దు. మన దగ్గర చొక్కా వీపుకు అంటుకుంటే దాహం గుర్తొస్తుంది. అక్కడి పొడిగాలికి చెమట పట్టగానే ఆరిపోతుంది. ఒంట్లో నీరు తగ్గిన సంగతి తలనొప్పి వచ్చాక గాని తెలియదు. మనిషికి రెండు సీసాలు, ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ తప్పనిసరి. చలికాలమైతే స్వెటర్ కూడా.

చెప్పులు: సరస్సు చుట్టూ 52 ఘాట్లు. మెట్లకు దూరంగానే చెప్పులు విడవాలి. మధ్యాహ్నం రాయి పెనంలా కాలుతుంది, పాత మేజోళ్లు ఒక జత సంచిలో పడేయండి.

పూజ: దోసిట్లో పూలు పెట్టి, సంకల్పం సగంలో ఉండగా "ఎంత ఇస్తారు" అని అడిగేవారుంటారు. అప్పుడు బేరమాడలేం కదా! కూర్చోకముందే మాట్లాడుకోండి, చిల్లర విడిగా పెట్టుకోండి. స్నానాలు చేసేవారిని ఫొటోలు తీయకూడదు.

బ్రహ్మ గుడి: మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తారు, వేళలు ముందే కనుక్కోండి. బ్రహ్మకు గుడి ఇదొక్కటేనని ఎవరైనా అంటే, గుంటూరు పక్కన చేబ్రోలులో కోనేటి మధ్య చతుర్ముఖ బ్రహ్మ ఉన్నాడని చెప్పండి.

భోజనం: ఊళ్లో మాంసం, గుడ్డు, మద్యం నిషిద్ధం. అక్కడి పప్పులో మన కారం ఉండదు. ఆవకాయ తీసుకెళ్తే మూత బిగించి, రెండు కవర్లలో చుట్టండి. మా సంచి ఇప్పటికీ నూనె వాసనే.