ఫెర్రెట్లకి ఇంట్లోనే ఎండు మాంసం ట్రీట్స్ ఎలా చేయాలి?

పెట్ షాపులో ఫెర్రెట్ ట్రీట్స్ అని అమ్మే ప్యాకెట్ ఒకటి తీస్కుని వెనక్కి తిప్పి చదవండి, చాలా వాటిలో మొక్కజొన్న పిండో గోధుమ పిండో మొలాసిసో ఎండు పండ్ల ముక్కలో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఫెర్రెట్‌కి ఇవేవీ అక్కర్లేదు. చూడ్డానికి మన ముంగిసలా ఉంటుంది గానీ దాని కుటుంబం వేరు, యూరప్‌లో ఉండే పోల్‌క్యాట్ అనే అడవి జంతువు నుంచి మచ్చికైంది, పూర్తిగా మాంసం మీదే బతికే ప్రాణి. పేగు చాలా పొట్టి, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది, పీచు పదార్థాలు దానికి అరగవు. పైగా నడివయసు దాటిన ఫెర్రెట్లలో ఇన్సులినోమా అని క్లోమంలో గడ్డలు వచ్చే జబ్బు చాలా మామూలు, అది వచ్చినప్పుడు రక్తంలో షుగర్ పడిపోతూ ఉంటుంది, అప్పుడు తీపి పెడితే కాసేపు పెరిగి మళ్ళీ ఇంకా కిందికి పడిపోతుంది. కిస్‌మిస్, అరటిపండు ముక్క, బిస్కెట్ ఇలాంటివి ఎగబడి తింటాయి, అంత ఇష్టంగా తింటుంటే ఒకటి పెడితే ఏమవుతుందిలే అనిపిస్తుంది, కానీ దయచేసి పెట్టకండి.

ఇంట్లో చేస్కుంటే ఉండేది ఒకటే ఇంగ్రీడియెంట్, మాంసం. అదెక్కడ కొన్నామో, ఎలా ఎండబెట్టామో మనకి తెలుసు. అమెరికాలో 2007 నుంచి జెర్కీ అనే ఎండు మాంసం ట్రీట్స్ తిని కుక్కలు జబ్బు పడుతున్నాయని అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి వేలల్లో కంప్లైంట్లు వెళ్ళాయి, ఎక్కువ శాతం చైనా నుంచి వచ్చిన ట్రీట్సే, ఎన్నేళ్ళు వెతికినా ఫలానా కారణం అని మాత్రం తేలలేదు. అందుకే నాకు ఈ విషయంలో ఇంటి తయారీ మీదే నమ్మకం.

ముందు మాంసం సంగతి. మొదటిసారి చేసేవాళ్ళకి చికెన్ బ్రెస్ట్ బెస్ట్, కొవ్వు ఉండదు, కోయడం తేలిక. తర్వాత టర్కీ, కొవ్వు లేని బీఫ్, కుందేలు మాంసం దొరికితే అదీ. కోడి గుండెకాయలు, కందనకాయలు కూడా చాలా బాగుంటాయి, గుండెకాయలో టారిన్ అనే పోషకం ఎక్కువ, ఫెర్రెట్‌కి అది కావాల్సిందే. లివర్ వాసనకి పరిగెత్తుకొస్తాయి గానీ విటమిన్ ఎ ఎక్కువ కాబట్టి అప్పుడప్పుడు చిన్న ముక్క చాలు. అరకిలో చికెన్ తెచ్చారనుకోండి, ఎండాక చేతికి వచ్చేది నూట పాతిక, నూట యాభై గ్రాములు, ఫెర్రెట్ బరువే కిలో అటూ ఇటూ కాబట్టి అది చాలా రోజులొస్తుంది, ఒకేసారి రెండు కిలోలు చేసి పెట్టుకోవద్దు.

చర్మం, కొవ్వు కనిపించినంత వరకు తీసేయండి. కొవ్వు ఎండదు, నిల్వలో కంపు కొడుతుంది. తర్వాత మాంసాన్ని ఫ్రీజర్లో ఒక అరగంట, ముప్పావుగంట పెట్టి కాస్త గట్టిపడ్డాక కోస్తే పల్చగా, సమానంగా వస్తుంది, మందం 3 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. కండ పోగులకి అడ్డంగా కోయండి, అప్పుడు ఎండాక పుటుక్కున విరుగుతుంది, పోగుల వెంబడి కోస్తే తోలులా సాగుతుంది, ఫెర్రెట్ దాన్ని నమలలేక అలాగే మింగేస్తుంది. పచ్చి మాంసం కోసిన కత్తీ, పీటా, చేతులూ వెంటనే సబ్బుతో కడుక్కోండి.

మన తెలంగాణలో మాంసానికి ఉప్పు పసుపు పట్టించి దండెం మీద ఎండేసి ఒరుగులు చేస్తారు కదా, చాలామందికి మొదట గుర్తొచ్చేది అదే, కానీ ఫెర్రెట్‌కి అది పనికిరాదు. ఎండలో మాంసం పాడవకుండా ఆపేది ప్రధానంగా ఆ ఉప్పే, ఫెర్రెట్‌కేమో అంత ఉప్పు పెట్టకూడదు, ఉప్పు తీసేసి ఎండలో పెడితే ఎండేలోపే చెడిపోతుంది. కాబట్టి ఉప్పు చేసే పని ఇక్కడ వేడి చేయాలి. కారం, మసాలా, సోయా సాస్ ఏవీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి అయితే పొడి రూపంలో కూడా తగలనివ్వకండి, అవి రక్తకణాలని దెబ్బతీస్తాయి.

ఇప్పుడు అసలు స్టెప్, ఎండబెట్టే ముందే మాంసాన్ని పూర్తిగా ఉడికించడం. చాలామంది పచ్చి మాంసాన్ని నేరుగా డీహైడ్రేటర్లో, అంటే వేడి గాలితో ఎండబెట్టే మిషన్లో పెట్టేస్తారు, ఎలాగూ వేడే కదా అని. కానీ డీహైడ్రేటర్లో మాంసంలోంచి నీరు ఆవిరవుతున్నంతసేపు ముక్క చల్లగానే ఉంటుంది, బయట మీటర్ 140 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించినా ముక్క లోపల అంత వేడి ఉండదు, అది ఎండి వేడెక్కే సరికి సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఆ ఎండుతనంలో గట్టిపడిపోయి వేడికి సరిగ్గా చావదు. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క ఏంటంటే ముందే చికెన్, టర్కీ అయితే 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్, బీఫ్ అయితే 160, అంటే 71 సెల్సియస్ దాకా వేడి చేసి, ఆ తర్వాత ఎండబెట్టాలి. ఇంకో కారణం కూడా ఉంది, ఫెర్రెట్లకి ఫ్లూ చాలా తేలిగ్గా అంటుకుంటుంది, ల్యాబుల్లో ఫ్లూ రీసెర్చ్ వాటి మీద చేసేది అందుకే, 2024 చివర్లో అమెరికాలో పచ్చి మాంసం పెట్ ఫుడ్ తిన్న పిల్లి బర్డ్ ఫ్లూతో చనిపోయిన కేసు కూడా ఉంది. పచ్చి మాంసమే మంచిదనే వాళ్ళు ఉన్నారు, వాళ్ళతో నాకు గొడవ లేదు, కానీ డబ్బాలో వారాల తరబడి ఉంచే ట్రీట్ మాత్రం ఉడికించే చేయాలి అని గట్టిగా చెప్తాను.

ఉడికించడం కష్టమేం కాదు. నీళ్ళు మరిగించి ముక్కలు వేసి అయిదారు నిమిషాలు ఉడకనివ్వండి, లేదా ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెట్టండి, ఒక ముక్కని మీట్ థర్మామీటర్ పుల్ల చుట్టూ చుట్టి చూస్తే వేడి ఎంతో తెలిసిపోతుంది. తీశాక కిచెన్ టవల్‌తో తడి బాగా అద్దేయండి. ఉడికించిన నీళ్ళు పారబోయకండి, చల్లారాక ఒక చెంచా ఫెర్రెట్‌కి పెట్టొచ్చు.

ఎండబెట్టడానికి డీహైడ్రేటర్ ఉంటే 145 నుంచి 155 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 63 నుంచి 68 సెల్సియస్ మధ్య పెట్టి ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరవండి, నాలుగు నుంచి ఎనిమిది గంటలు పట్టొచ్చు, మందాన్ని బట్టి, మీ ఊళ్ళో గాలిలో తేమని బట్టి మారుతుంది. లేకపోతే ఓవెన్ చాలు, అమెరికా ఓవెన్లలో అన్నిటికంటే తక్కువ సెట్టింగ్ మామూలుగా 170 ఫారెన్‌హీట్, అంటే 77 సెల్సియస్ ఉంటుంది, తలుపు కొంచెం తెరుచుకునేలా ఒక చెక్క గరిటె అడ్డం పెడితే ఆవిరి బయటికి పోతుంది, ఇంట్లో చిన్న పిల్లలుంటే, ఫెర్రెట్లు బయట తిరుగుతుంటే మాత్రం ఇలా తెరిచి వదిలేసి వెళ్ళొద్దు. డీహైడ్రేట్ మోడ్ ఉన్న ఎయిర్ ఫ్రయర్లోనూ అవుతుంది. మధ్యలో ఒకసారి తిప్పండి.

అయిందా లేదా అని వేడి మీద చూస్తే తెలియదు. ఒక ముక్క తీసి పూర్తిగా చల్లారనిచ్చి వంచండి, ఫట్‌మని విరిగి లోపల ఎక్కడా మెత్తగా, తడిగా లేకపోతే అయినట్టే. వంగుతోందంటే ఇంకో గంట పెట్టండి.

తర్వాత సైజు, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ఎండిన మాంసాన్ని కత్తెరతో శనగపప్పు బద్దంత ముక్కలుగా కత్తిరించండి. పొడుగ్గా పుల్లలా ఇస్తే అది అంగిట్లో పళ్ళ మధ్య అడ్డంగా ఇరుక్కుపోవచ్చు, పెద్దది మింగితే పేగులో అడ్డం పడొచ్చు. ముసలి ఫెర్రెట్ అయితే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ఇవ్వండి. కత్తిరించేటప్పుడు రాలిన పొడి దాచుకోండి, ఫెర్రెట్లు చిన్నప్పుడు అలవాటైన తిండి తప్ప కొత్తది ముట్టవు, ఫుడ్ మార్చాల్సి వచ్చినప్పుడు ఆ పొడి పైన చల్లితే వాసనకైనా మూతి పెడతాయి.

నిల్వకి గాలి చొరబడని సీసా, మూతపెట్టే ముందు పూర్తిగా చల్లారాలి, లేకపోతే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. ఉప్పు, ప్రిజర్వేటివ్ లేవు కాబట్టి రెండు వారాలకి సరిపడా ఫ్రిజ్‌లో, మిగతాది ఫ్రీజర్లో, మీద డేట్ రాసి. రోజుకి రెండు మూడు చిన్న ముక్కలు చాలు, ఇది భోజనం కాదు. డబ్బా గలగలలాడించి పిలిచి ప్రతిసారీ ఒక ముక్క పెడుతూ ఉంటే ఆ శబ్దానికి వచ్చేయడం అలవాటవుతుంది, ఎప్పుడైనా తలుపు సందులోంచి బయటికి జారుకుంటే ఆ డబ్బానే పనికొస్తుంది.

ట్రీట్ తిన్నాక మూతి గీక్కుంటుంటే ముందు నోట్లో ముక్క ఇరుక్కుందేమో చూడండి. ఏమీ లేకపోయినా చొంగ కారుస్తూ వెనక కాళ్ళు తడబడుతూ ఎటో చూస్తూ ఉండిపోతే అది షుగర్ పడిపోయిన లక్షణం కావచ్చు, వెంటనే ఫెర్రెట్లని చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంకొకటి, ఇచ్చిందంతా అక్కడే తినేస్తాయనుకోకండి, సగం తీసుకెళ్ళి సోఫా కిందా మంచం మూలా దాచేస్తాయి, ఎండు మాంసమైనా అక్కడ తేమ పట్టి పాడవుతుంది, కాబట్టి వారానికోసారి దాని దాపుడు చోట్లన్నీ వెతికి పాతవి తీసి పారేయండి, తీసిన చోట తాజా ముక్క ఒకటి పెట్టండి, లేకపోతే రోజంతా దానికోసం వెతుక్కుంటుంది పాపం.