ఇంట్లో కుందేలు - 2వ పాఠం: అది రాకముందే ఇల్లు సిద్ధం చేయడం

కుందేలు తెచ్చుకోవాలా వద్దా, తెస్తే ఎంత వయసుది తేవాలి అన్నవి మొదటి పాఠంలో తేల్చుకున్నాం. రెండు సంగతులు మాత్రం మళ్లీ చెబుతాను. ఎనిమిది వారాలు నిండని పిల్లను ఎంత ముద్దుగా ఉన్నా కొనకండి. పొలం గట్టున దొరికిన చెవులపిల్లిని, అంటే అడవి కుందేలును, పట్టుకొచ్చి పెంచుదామనుకుంటే, అది వేరే జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టుకోవడం నేరం.

ఇక ఇల్లు. ఈ పాఠంలో పనులన్నీ కుందేలు రాకముందే చేసేవి. "ముందు తెచ్చేద్దాం, తర్వాత చూసుకుందాం" అంటే మొదటి వారంలోనే ఇంటర్నెట్ వైరు తెగుతుంది. అదీ అదృష్టం బాగుంటేనే. బాగోకపోతే ఫ్రిజ్ వైరు తెగుతుంది.

కుందేళ్ల గురించి నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు ఇంగ్లండ్, అమెరికా వాళ్లు రాసినవే. చలికి గూడు ఎలా కప్పాలి, కార్పెట్ కొరక్కుండా ఎలా ఆపాలి అంటూ పేజీలకు పేజీలు ఉంటాయి. మన ఇళ్లలో కార్పెట్ ఎక్కడుంది, ఆ చలి ఎక్కడుంది? మనకున్నవి ఎండలు, నున్నటి టైల్స్. కాబట్టి మన పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.

ముందు ఎండ సంగతి

కుందేలుకు మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడి బయటికి పంపడానికి దానికున్న ముఖ్యమైన దారి చెవులు. 28 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది, 30 దాటితే ప్రమాదమే. విజయవాడలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే మొదటి కొనుగోలు పంజరం కాదు, థర్మామీటర్. గోడకు తగిలించే మామూలుది చాలు. కానీ గోడకు తగిలించకండి, కుందేలును ఉంచాలనుకున్న మూలలో నేల మీద పెట్టండి. పొద్దున, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదకొండింటికి చూసి రాసుకోండి. రాత్రి కూడా ఎందుకంటే, పై అంతస్తులో ఉన్నవాళ్లకు అసలు గొడవ అప్పుడే. పగలంతా ఎండ తాగిన స్లాబు పొద్దుగూకాక ఆ వేడిని కిందికి వదులుతుంది. మధ్యాహ్నం పర్లేదనిపించిన గది రాత్రి ఉడికిపోతుంది. టెర్రస్‌కు తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటో వేయిస్తే తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడిగి చూడండి, సున్నానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఏసీ ఉంటే మంచిదే, గాలి నేరుగా దాని మీదికి కొట్టకుండా చూడండి. కూలర్ అయితే ఊరిని బట్టి. హైదరాబాద్, కర్నూలు లాంటి పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది. విశాఖలో, మచిలీపట్నంలో గాలిలో అప్పటికే తేమ ఉంటుంది కాబట్టి కూలర్ ఉక్కపోత పెంచడం తప్ప చేసేదేం లేదు. ఫ్యాన్ గాలి మనకు చల్లగా అనిపించేది చెమట ఆరడం వల్ల. చెమటే పట్టని జీవికి ఒట్టి ఫ్యాన్ పెద్దగా పనికిరాదు. కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరుగుతోందిగా అని నిశ్చింతగా ఉండకండి.

కరెంటు లేనప్పుడు కూడా పనికొచ్చే ఏర్పాటు ఒకటుంది. లీటరు నీళ్ల సీసాలు రెండు మూడు, ముప్పావు వంతు నింపి ఫ్రీజర్‌లో పడేయండి. గడ్డకట్టిన సీసాను పాత నూలు తువ్వాలులో చుట్టి మూలలో పెడితే కుందేలు దానికి ఒళ్లు ఆనించి పడుకుంటుంది. ఒకటి కరిగేలోపు ఇంకొకటి సిద్ధంగా ఉండాలి. గ్రానైట్ ముక్క దొరికితే పక్కన వేయండి. వంటగది ప్లాట్‌ఫాం కోశాక మిగిలిన ముక్కలు మార్బుల్ షాపుల బయట పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు. అంచులు మాత్రం రుద్దించుకోండి.

కుందేలు నోరు తెరిచి రొప్పుతున్నా, సొంగ కారుస్తున్నా, చెవులు ఎర్రబడి కాలుతున్నా అది వడదెబ్బ. తడిగుడ్డతో చెవులు తుడుస్తూ వెంటనే డాక్టర్ దగ్గరికి బయల్దేరాలి. చల్లటి నీళ్లలో ముంచడం మాత్రం చేయొద్దు, ఆ షాక్‌కే ప్రాణం పోవచ్చు.

నేల

కుక్క, పిల్లి పాదాల కింద మెత్తలు ఉంటాయి. కుందేలు అరికాలికి ఆ మెత్తలు ఉండవు, బొచ్చే ఉంటుంది. దాన్ని విట్రిఫైడ్ టైల్స్ మీద వదిలితే వెనక కాళ్లు చెరో వైపు జారతాయి. రెండడుగులు వేసి ఆగిపోతుంది. మనమేమో "పాపం భయపడుతోంది" అనుకుంటాం. పెరిగే పిల్ల రోజూ అలా జారుతుంటే కీళ్లు దెబ్బతింటాయి.

దీనికి బొంతను మించింది లేదు. అమ్మమ్మలు పాత నూలు చీరలతో కుట్టిన బొంత ఇంట్లో మూల పడి ఉంటే దులపండి. బరువుగా ఉంటుంది, జారదు, ఉతుక్కోవచ్చు. ఒట్టి దుప్పటి పరిస్తే అది కుందేలుతో పాటే జారుతుంది. ఈతాకు చాప, తాటాకు చాప కూడా బాగుంటాయి. కొరికినా ఆకే కాబట్టి భయం లేదు, కాకపోతే నెలకో చాప మార్చాల్సి రావచ్చు. ప్లాస్టిక్ చాప వద్దు. బొంతను కూడా ముక్కలు చేసి మింగుతోందని గమనిస్తే తీసేయండి, పేగుల్లో అడ్డుపడుతుంది.

షాపులో అమ్మే రెండడుగుల పంజరం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: కొనకండి. దాని అడుగున ఉండే కమ్మీల జల్లెడ మీద నిలబడి నిలబడి అరికాళ్లు పుళ్లు పడతాయి. బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ రెండు కుందేళ్లకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు చోటు ఉండాలంటుంది. అంటే దాదాపు పదడుగులు, ఆరున్నర అడుగులు. డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో ఇది చిన్న మాట కాదని తెలుసు. అందుకే కుక్కపిల్లల కోసం అమ్మే మడత కంచెతో హాల్లో ఒక మూలను చుట్టేసి, మీరు ఇంట్లో ఉన్నంతసేపూ కంచె తలుపు తెరిచి ఉంచడం మేలు. టీవీ పక్కన, కుక్కర్ విజిల్స్ వినిపించే చోట, పడమటి ఎండ పడే కిటికీ కింద వద్దు. బాల్కనీలో అసలే వద్దు. ఎండ, కాకులు, గద్దలు, గ్రిల్ సందులు, దీపావళి టపాసులు, అన్నీ అక్కడే ఉంటాయి.

కంచె లోపల ఒక అట్టపెట్టె బోర్లించి, రెండు వైపులా రంధ్రాలు కోయండి. ఒక్క రంధ్రం చాలదు. వెనక దారి లేని చోట దూరాలంటే కుందేలు జంకుతుంది. పెట్టెకున్న టేపు, పిన్నులు పీకేయడం మరవకండి.

వైర్లు

ఇక్కడో పని చేయాలి, సిగ్గుపడకుండా. ఇంట్లో ప్రతి గదిలోనూ నేల మీద బోర్లా పడుకుని చూడండి. సోఫా కింద, టీవీ స్టాండ్ వెనక, మంచం తల వైపు, ఇన్వర్టర్ దగ్గర. జానెడు ఎత్తు నుంచి చూస్తే ఇల్లంతా వైర్లే. కుందేలు నేలలో సొరంగాలు తవ్వుకుని, అడ్డొచ్చిన వేళ్లను కొరికి దారి చేసుకునే జాతి. దాని కంటికి వైరు కూడా చెట్టు వేరు లాంటిదే. పైగా పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. తిట్టినంత మాత్రాన మానదు.

ఎత్తగలిగిన వైర్లన్నీ మూడు, నాలుగు అడుగుల పైకి ఎత్తి క్లిప్పులు కొట్టండి. ఎత్తలేనివాటిని గోడ వెంబడి గట్టి పీవీసీ కేసింగ్ పట్టీలో పెట్టించండి. ఎలక్ట్రీషియన్లు వాడే ముడతల ఫ్లెక్సిబుల్ పైపును నిలువునా చీల్చి తొడగొచ్చు గానీ, అది పల్చన. పట్టుదల ఉన్న కుందేలు దాన్నీ కొరుకుతుంది. ఫ్రిజ్ వెనక, వాషింగ్ మెషీన్ వెనక సందులను అట్టతోనో చెక్కతోనో మూసేయండి. తల పట్టిందంటే ఒళ్లంతా పట్టినట్టే.

ఇంట్లో విషాలు

బీరువా కింద దొర్లిన కలరా ఉండలు, సింక్ కింద ఎలుకల మందు, గుమ్మం దగ్గర గీసిన చీమల చాక్‌పీస్, మూలల్లో బొద్దింకల జెల్. ఇవన్నీ నేల మట్టంలోనే ఉంటాయి, కుందేలు తిరిగేదీ అక్కడే. తీసేసి, ఆ చోటంతా తడిగుడ్డతో రెండుసార్లు తుడవండి. ఆ గదిలో దోమల కాయిల్ వెలిగించొద్దు, కిటికీలకు జాలీ కొట్టించండి.

మొక్కల్లో గన్నేరు మొదటి శత్రువు. కుండీలో లేకపోయినా పూజకు తెచ్చిన పూలు కింద రాలొచ్చు. ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం, మనీ ప్లాంట్, ఎడారి గులాబీ, లిల్లీ, కలబంద, వీటినీ అందకుండా పెట్టండి. తులసి, మందార, గరిక, పుదీనాలతో ఇబ్బంది లేదు. కాకపోతే తులసికోట ఖాళీ అయిపోతే అత్తగారికి మీరే సమాధానం చెప్పుకోవాలి.

టబ్బు, గిన్నె, గడ్డి

కుందేలు తింటూనే పెంటికలు వేస్తుంది. ఈ అలవాటే మనకు కలిసొస్తుంది. గిన్నెలు కడిగే ప్లాస్టిక్ టబ్బు ఒకటి తీసుకుని, అడుగున న్యూస్‌పేపర్ మడతలు, పైన వరిగడ్డి పరిచి, ఒక కొసన తినే గడ్డి గుత్తిగా పెట్టండి. గడ్డి కోసం టబ్బులోకి ఎక్కుతుంది, పని కూడా అక్కడే కానిచ్చేస్తుంది. రంపపు పొట్టు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిల్లులకు వాడే గడ్డకట్టే ఇసుక ప్రమాదం. మూత్రం ఒక్కోసారి నారింజ, ఎరుపు రంగులో ఉంటుంది. అది తిన్న ఆకుల రంగు కావొచ్చు, చూడగానే టెన్షన్ పడొద్దు. ముక్కుతూ పోస్తుంటే, రక్తపు చారలు కనబడితే మాత్రం చూపించాలి. టైల్స్ మీద తెల్లగా మిగిలే మరక సున్నం లాంటిది, తెల్ల వెనిగర్‌కు కరుగుతుంది. ఫినాయిల్ అక్కర్లేదు.

నీళ్లకు రాచ్చిప్ప (రాతి గిన్నె) పెట్టండి. బరువుకు తిరగబడదు.

తినే గడ్డి కనీసం రెండు వారాలకు సరిపడా ముందే తెచ్చుకోవాలి. దిగుమతి అయ్యే తిమోతీ గడ్డి బాగుంటుంది, ధరే బాగుండదు. పాడి రైతులు పెంచే దశరథ గడ్డి, సూపర్ నేపియర్ ఊరి చివర దొరుకుతాయి. దశరథ గడ్డి పప్పుజాతిది, బలమైన మేత, కొద్దిగానే పెట్టాలి. వరిగడ్డి పరుపుగా సరే గానీ అందులో సారం లేదు, దాంతోనే కడుపు నింపొద్దు. తినే గడ్డిని నీడలో ఆరబెట్టి గాలాడే గోనెసంచిలో దాచండి. బూజు వాసన వస్తే పారేయడమే. ఎంత పెట్టాలి, ఏ ఆకు ఎప్పుడు అన్నది నాలుగో పాఠంలో.

చివరి పని డాక్టర్‌ని వెతకడం. కుక్కలు, పిల్లుల డాక్టర్లందరికీ కుందేళ్లు అలవాటు ఉండవు. ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "ఆపరేషన్‌కు ముందు కుందేలును పస్తు ఉంచాలా అండీ?" కుందేలుకు వాంతి కాదు కాబట్టి పస్తు అక్కర్లేదు, పైగా పస్తు పెడితే దాని పేగులు మందగిస్తాయి. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంచమంటే ఇంకొకరిని చూసుకోండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆస్పత్రులున్నాయి. కుక్కల పేలకు వాడే ఫిప్రోనిల్ మందు కుందేలుకు ప్రాణాంతకం, ఇంట్లో ఉంటే అటకెక్కించండి.

ఈ వారం అభ్యాసం: థర్మామీటర్ లెక్క వారం రోజులు రాయండి. ఎక్కడైనా 28 దాటితే మూల మార్చి మళ్లీ మొదలుపెట్టండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే నేల మీద పడుకుని వైర్లు వెతికే పని వాళ్లకు అప్పగించండి. మనకంటే బాగా చూస్తారు, ముట్టుకోవద్దని మాత్రం ముందే చెప్పండి. మూడో పాఠంలో కుందేలును ఇంటికి తెస్తాం: ఎలా ఎత్తుకోవాలి, చెవులు పట్టి ఎందుకు లేపకూడదు, మొదటి రాత్రి ఏం చేయాలి.