కథ రాద్దాం – 6వ పాఠం: నానబెట్టిన బియ్యం

పోయిన పాఠంలో దేశం వదిలి వెళ్ళిన మనిషి గురించి ఒక పేజీ రాయమన్నాను. అది తీసి మొదటి పేరా చదవండి. యుద్ధం, పడవ, క్యాంపు, విమానం వరసగా వచ్చేశాయా? అయితే ఆ పేరా కొట్టేయండి. బాధగానే ఉంటుంది, కానీ అక్కడ కథ ఇంకా మొదలవలేదు.

ఈసారి లావోస్ నుంచి టొరంటో చేరిన కుటుంబాన్ని తీసుకుందాం. ముందు చరిత్ర. 1975 డిసెంబర్ 2న లావోస్‌లో రాజరికం పోయి కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. ఆ తర్వాతి ఏళ్ళలో లక్షల మంది మెకాంగ్ నది దాటి థాయ్‌లాండ్‌లోకి వచ్చారు. నోంగ్‌ఖాయ్ లాంటి క్యాంపుల్లో తలదాచుకుని అమెరికా, ఫ్రాన్స్, కెనడా, ఆస్ట్రేలియా వెళ్ళారు. ఇదంతా రాసేవాళ్ళకి తెలిసి తీరాలి. పాత్రలు మాత్రం పొద్దున్నే లేచి దీన్ని తలుచుకుంటూ కూర్చోరు. వాళ్ళకి బస్సు టైమవుతుంటుంది.

మరి ఆ గతం కథలోకి ఎలా రావాలి? రోజూ చేత్తో ముట్టుకునే వస్తువులోంచి. లావో వాళ్ళు తినేది జిగురు బియ్యం, ఖావ్ నియావ్. మనలా ఎసట్లో పోసి వండరు. రాత్రంతా నానబెట్టి, పొద్దున వెదురు బుట్టలో ఆవిరి మీద ఉడికిస్తారు. చేత్తో చిన్న ముద్ద చేసి కారంలో అద్దుకుని తింటారు. నన్ను పట్టుకున్నది ఆ నానబెట్టడమే. రేపు తినాలంటే ఈ రాత్రే గుర్తుండాలి. దాని చుట్టూ నేను రాసిన ముక్క చూడండి:

"అమ్మ కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకి వెళ్ళిపోయింది. స్కూలు నుంచి వచ్చిన ఉత్తరం టేబుల్ మీద ఉంది. పడుకోబోతూ పిల్ల వంటింట్లోకి చూసింది. గిన్నె బోర్లించే ఉంది. ఎప్పుడూ అలా లేదు. సంచిలోంచి గుప్పిళ్ళతో బియ్యం తీసింది. నాన్నకి మూడు, అమ్మకి మూడు, తనకి రెండు. కుళాయి తిప్పింది. పొద్దున అమ్మ చలికోటు విప్పకుండానే గిన్నెలో చెయ్యి పెట్టింది. ఒక గింజ తీసి గోటితో నొక్కింది. విరిగింది.

'నోంగ్‌ఖాయ్‌లో నీళ్ళు ఇంత చల్లగా ఉండేవి కాదు' అంది."

క్యాంపు ఒక్క మాటలో వచ్చి వెళ్ళిపోయింది. అమ్మ "మరిచిపోయాను" అనలేదు, పిల్ల అడగలేదు. మొదట చివర్లో "ఆమె కళ్ళు చెమర్చాయి" అని రాసుకున్నాను. గింజ విరిగాక ఆ వాక్యానికి పని లేదు, తీసేశాను.

మాటల విషయంలో మనకో వీలుంది. లావో వాళ్ళు ఎదురుపడితే "కిన్ ఖావ్ లేవ్ బో?" అంటారు. అంటే "అన్నం తిన్నావా?" అని. తెలుగులో రాస్తే అది అచ్చం మన వాకిట్లో మాటలా పలుకుతుంది. దాన్ని "ఎలా ఉన్నారు?"గా మార్చి పాడు చేయకండి.

మీ పని: పోయిన పాఠంలో రాసిన పేజీలోంచి, ముందురోజే సిద్ధం చేసుకోవాల్సిన పని ఒకటి ఎంచుకోండి. దాని మీద 200 మాటలు రాయండి. వదిలి వచ్చిన చోటు పేరు ఒక్కసారే, అదీ ఎవరి నోటి నుంచైనా రావాలి.

టేబుల్ మీద ఉత్తరం అలాగే ఉంది. వచ్చే పాఠంలో పిల్ల దాన్ని నాన్నకి చదివి వినిపిస్తుంది, ఒక వాక్యం వదిలేసి.